స్విచ్చి మీద పెత్తనం ఎవరిది?

హైదరాబాదు తూర్పు అంచున ఉన్న చర్లపల్లి రైల్వే స్టేషనులో 2025 జనవరి 6న కొత్త టెర్మినల్ ప్రారంభమైనది. అక్కడి పట్టాలను గమనించినవారికి ఒక విషయం కనబడుతుంది. ఒక దారి రెండుగా చీలే చోట కదిలే ఇనుప నాలుకలు ఉంటాయి. వాటిని పాయింట్లు అంటారు. అవి ఎటు జరిగితే రైలు అటు పోతుంది. స్టేషనుకు వచ్చే ప్రయాణికులు వేలమంది. వారందరూ రైలు ఎక్కవచ్చును, దిగవచ్చును. కాని పాయింటును జరిపే అధికారం వారిలో ఒక్కరికి కూడ లేదు. ఆ అధికారం స్టేషను మాస్టరుది.

ఆ స్టేషను మాస్టరు కూడ తన ఇష్టం వచ్చినట్లు జరపలేడు. ఒక దారిలో రైలు ఉండగా దాని కింది పాయింటును కదలనీయని ఇంటర్‌లాకింగ్ అనే ఏర్పాటు ఆయన చేతిని కట్టివేస్తుంది. పాయింట్లను, సిగ్నళ్ళను ఒకదానితో ఒకటి ముడివేసే ఏర్పాటుకు ఇంగ్లండులో జాన్ సాక్స్‌బీ 1856లోనే పేటెంటు పొందాడు. పైగా ఏ రైలు ఏ వేళకు వచ్చినదీ, ఏ వేళకు పోయినదీ రిజిస్టరులో నమోదవుతుంది. అనగా మూడు కట్టుబాట్లున్నవి. జరిపేవాడెవడో తెలియాలి. అతడు ఏమి జరపవచ్చునో, ఏమి జరపరాదో నిర్ణయమై ఉండాలి. ఏమి జరిగినదో లెక్క ఉండాలి.

కంప్యూటర్లను కలిపే నెట్‌వర్కులో కూడ ఇట్టి పాయింట్లున్నవి. వాటిని స్విచ్చిలు అంటారు. నేడు బడి, బ్యాంకు, ఆసుపత్రి, కర్మాగారం అన్నీ వాటి మీదనే నడుస్తున్నవి. స్విచ్చి గుండా సమాచారం పంపే హక్కు అందరిదీ. స్విచ్చిని మార్చే హక్కు మాత్రం కొందరిదే. ఈ రెండు హక్కులనూ విడదీయడానికి నూరేళ్ళకు పైగా పట్టినది. ఆ విడదీయడంలో ప్రతి అడుగూ ఒక పొరపాటు నేర్పిన పాఠమే.

స్విచ్చి ఏమి చేస్తుంది?

1973లో అమెరికాలో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనే ఇంజనీర్లు ఈథర్‌నెట్ అనే పద్ధతిని రూపొందించారు. అందులో అన్ని కంప్యూటర్లకూ కలిపి ఒకే తీగ. ఒక కంప్యూటరు పలికినది తక్కినవన్నీ వింటాయి. తన పేరున వచ్చినదానిని మాత్రం ప్రతి యంత్రమూ తీసుకొని, తక్కినది వదలివేస్తుంది. ఇది రచ్చబండ దగ్గర మాట్లాడుకోవడం వంటిది. నలుగురున్నప్పుడు బాగుంటుంది. నాలుగు వందల మంది చేరితే ఎవరి మాటా ఎవరికీ వినబడదు. ఇక రహస్యమన్న మాటే లేదు.

ఈ ఇబ్బందిని తీర్చినది స్విచ్చి. భారత సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్, లారీ బ్లెయిర్ అనేవారు అమెరికాలో స్థాపించిన కల్పన అనే కంపెనీ 1990లో ఈథర్‌నెట్ స్విచ్చిని మార్కెట్టులోకి తెచ్చినది. 1994లో సిస్కో కంపెనీ దానిని కొనివేసినది.

స్విచ్చి పనిచేసే తీరు సులభమైనది. ప్రతి యంత్రానికీ 48 బిట్ల సంఖ్య ఒకటి చిరునామాగా ఉంటుంది. ఇట్టి సంఖ్యలు సుమారు 281 లక్షల కోట్లు ఉండగలవు. ఒక పోర్టు గుండా సమాచారపు పొట్లం రాగానే, దానిని పంపిన యంత్రం చిరునామా ఏమిటో స్విచ్చి తన పట్టికలో వ్రాసుకుంటుంది. మరొకసారి ఆ చిరునామాకు పొట్లం వస్తే దానిని ఆ పోర్టుకు మాత్రమే పంపుతుంది. చిరునామా పట్టికలో లేకపోతే అన్ని పోర్టులకూ పంపి, జవాబు ఎటునుండి వచ్చినదో చూసి నేర్చుకుంటుంది. క్రొత్తగా వచ్చిన తపాలా బంట్రోతు నాలుగు రోజులలో ఊరి ఇండ్లన్నీ గుర్తుపట్టినట్లే ఇది కూడ.

సాధారణ స్విచ్చి ఇంతటితో ఆగుతుంది. దానిలో మార్చడానికి ఏమీ ఉండదు. పెద్ద సంస్థలలో వాడే నిర్వహణ స్విచ్చి, అనగా మేనేజ్డ్ స్విచ్చి, మనిషి ఆజ్ఞలను కూడ వింటుంది. ఫలానా పోర్టును మూసివేయమంటే మూసివేస్తుంది. జీతాల విభాగపు యంత్రాలను ఒక గుంపుగా, విద్యార్థుల యంత్రాలను వేరొక గుంపుగా విడదీయమంటే విడదీస్తుంది. లోపం వెదకడానికి ఒక పోర్టులో పోయే సమాచారానికి నకలు తీసి మరొక పోర్టుకు ఇమ్మంటే ఇస్తుంది. ఈ శక్తులన్నీ అవసరమైనవే. కాని అవే దొంగ చేతిలో పడితే? మూసివేసే శక్తి ఆసుపత్రిని స్తంభింపజేస్తుంది. విడదీసే శక్తి అడ్డుగోడలను కూల్చివేస్తుంది. నకలు తీసే శక్తి అందరి ఉత్తరాలూ చదువుతుంది. ఒక కంప్యూటరు దొంగ వశమైతే ఒకరికి నష్టం. స్విచ్చి వశమైతే దానికి తగిలించిన వారందరికీ నష్టం.

టెలిఫోను నేర్పిన రెండు పాఠాలు

ఈ ప్రశ్న కంప్యూటరు కన్న పాతది. మొదటి టెలిఫోను ఎక్స్‌చేంజీలలో తీగలను కలిపేది ఆపరేటరే. అమెరికాలోని కాన్సస్ సిటీలో ఆల్మన్ స్ట్రౌజర్ అనే ఆయన అంత్యక్రియల సామగ్రి వ్యాపారం చేసేవాడు. తన పోటీదారుని భార్య ఎక్స్‌చేంజీలో ఆపరేటరుగా ఉండి, తనకు రావలసిన పిలుపులను తన భర్తకు మళ్ళిస్తున్నదని ఆయన అనుమానించాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ మాట ఎట్లున్నా, మనిషి అవసరం లేకుండ తీగలు కలిపే స్విచ్చిని ఆయన రూపొందించి 1889లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1891లో పేటెంటు లభించినది. 1892 నవంబరులో ఇండియానా రాష్ట్రంలోని లా పోర్టులో ఆ విధమైన మొదటి ఎక్స్‌చేంజీ తెరుచుకున్నది. స్విచ్చి దగ్గర కూర్చున్నవారిని నమ్మడం ఎంతవరకు అన్న ప్రశ్నకు ఆయన జవాబు చాలా తీవ్రమైనది: అక్కడ మనిషినే లేకుండ చేయడం!

మనిషి పోయినా చిక్కు పోలేదు. అమెరికాలో దూరపు పిలుపులను కలిపే యంత్రాలు ఒకదానికొకటి సంగీత స్వరాలవంటి ధ్వనులతో ఆజ్ఞలు ఇచ్చుకొనేవి. సెకనుకు 2600 కంపనాలుగల ధ్వని వినబడితే ఆ లైను ఖాళీగా ఉన్నదని యంత్రం అర్థం చేసుకొనేది. ఆ ధ్వని పోయే తీగ, మనుషులు మాట్లాడుకునే తీగ ఒకటే. అందువల్ల ఫోను పట్టుకున్న ఎవరైనా సరిగా ఆ ధ్వనిని ఈల వేస్తే, యంత్రం దానిని తన తోటి యంత్రపు ఆజ్ఞ అనుకొనేది. 1960లలో, 1970లలో కొందరు ఆకతాయి యువకులు పిల్లల ఈలతోనూ, చేతిలో ఇమిడే చిన్న పెట్టెలతోనూ ఈ పనిచేసి, రుసుము చెల్లించకుండ దేశమంతటా మాట్లాడుకున్నారు. చివరకు 1976 నుండి టెలిఫోను కంపెనీ ఆజ్ఞలను వేరే దారిలో పంపడం మొదలుపెట్టినది.

ఇందులో నెట్‌వర్కు ఇంజనీరు నేటికీ మరువరాని సూత్రం ఉన్నది. అందరూ నడిచే దారిలో ఆజ్ఞలను నడిపించరాదు. అందుకే మంచి సంస్థలలో స్విచ్చికి ఆజ్ఞలు పోయే నిర్వహణ మార్గం వేరుగా ఉంటుంది. ఉద్యోగుల, విద్యార్థుల యంత్రాలకు ఆ మార్గం అసలు కనబడదు.

తలుపు తాళం నుండి రహస్యపదం దాకా

చర్లపల్లి స్టేషనుకు దగ్గరలోని ప్రాంతమంతా నేడు ఇ.సి.ఐ.ఎల్. పేరుతోనే ప్రసిద్ధం. భారత అణుశక్తి శాఖ కింద 1967 ఏప్రిల్ 11న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడినది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన డాక్టరు అయ్యగారి సాంబశివరావు దానికి తొలి సారథి. పక్కనున్న ఎ. ఎస్. రావు నగర్ ఆయన పేరిట వెలసినదే. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అనే మాటల పొడి అక్షరాలతో టి.డి.సి.-12 అని పేరుపెట్టిన యంత్రం 1969లో వెలువడినది. 1970లలో టి.డి.సి.-312, టి.డి.సి.-316 వచ్చినవి.

ఆ కాలపు కంప్యూటర్లలో అనేకం ఒంటరి యంత్రాలు. వాటికి పని చెప్పాలంటే ఆ గదిలోకి పోవాలి. గది తలుపుకు తాళం వేస్తే కంప్యూటరుకు తాళం వేసినట్లే. ఎవరిని లోపలికి రానివ్వాలో ద్వారపాలకుడు చూసుకొనేవాడు.

ఒకే యంత్రాన్ని అనేకులు ఒకేసారి వాడుకునే పద్ధతి రాగానే ఈ తాళం చాలకపోయినది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కోర్బటో బృందం 1961లో అట్టి పద్ధతిని ప్రదర్శించినది. ఎవరి కాగితాలు వారికే ఉండాలని, ఒక్కొక్కరికి పాస్‌వర్డ్ అనే రహస్యపదం ఇచ్చారు. మరుసటి సంవత్సరమే దాని లోపం బయటపడినది. వారానికి నాలుగు గంటల కంప్యూటరు కాలం చాలని ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, రహస్యపదాలు దాచిన పత్రాన్నే అచ్చువేసి ఇమ్మని యంత్రానికి కార్డు పెట్టాడు. యంత్రం అడిగినవాడెవడని చూడక, అన్ని రహస్యపదాలనూ అచ్చువేసి ఇచ్చినది. ఇంటికి తాళం వేసి తాళంచెవుల గుత్తిని అరుగుమీద పెట్టినట్లయినది.

దీనికి విరుగుడును తరువాతి కాలంలో కనుగొన్నారు. రహస్యపదాన్ని ఉన్నదున్నట్లు దాచరు. దానిని గణితపు తిరగలిలో వేసి పిండి చేసి, ఆ పిండిని దాస్తారు. గింజను పిండి చేయవచ్చును. పిండిని తిరిగి గింజ చేయలేము. మనిషి వచ్చి రహస్యపదం చెప్పగానే దానినీ అదే తిరగలిలో వేసి, రెండు పిండులూ ఒకటేనా అని చూస్తారు. యునిక్స్ వ్యవస్థపై పనిచేసిన రాబర్ట్ మోరిస్, కెన్ థామ్సన్ 1979లో ప్రకటించిన వ్యాసంలో ఈ సంగతులు వివరించారు. విసరడానికి ముందు గింజలో చిటికెడు ఉప్పు కలపాలని కూడ వారు చెప్పారు. ఉప్పు అనగా యంత్రం ఎంచుకొనే ఒక సంఖ్య. దానిని 4096 రకాలుగా ఎంచవచ్చును కనుక, ఇద్దరి రహస్యపదం ఒకటే అయినా పిండి వేరుగా కనబడుతుంది.

తిరగలి ఎంత గట్టిదైనా గింజ పుచ్చుదైతే లాభం లేదు. ఆ వ్యాసంలోనే వారొక లెక్క చూపారు. సేకరించిన 3,289 రహస్యపదాలలో 2,831 తేలికగా ఊహించదగినవే. కొన్ని ఒకటి రెండు అక్షరాలవి. మరికొన్ని నిఘంటువులో దొరికే మాటలు. విద్యార్థులు ఈ లెక్క చేసి చూడవచ్చును. ఇంగ్లీషు చిన్న అక్షరాలు 26. ఆరు అక్షరాల పదాలు 26ను ఆరుసార్లు గుణిస్తే వచ్చేటన్ని, అనగా సుమారు 30 కోట్ల 89 లక్షలు. సెకనుకు పది లక్షల పదాలు ప్రయత్నించే యంత్రం ఐదు నిమిషాల పైచిలుకులో వాటినన్నిటినీ తిరగవేస్తుంది. అక్షరాలు పన్నెండైతే అదే యంత్రానికి మూడు వేల ఏండ్లు పడుతుంది. పొడవు రెండింతలైతే శ్రమ రెండింతలు కాదు. కోట్లరెట్లు!

తీగమీద పోయే రహస్యం

స్విచ్చిలు ఒక భవనంలో కాక ఊరంతటా, దేశమంతటా వ్యాపించగానే వాటి దగ్గరకు మనిషి పోవడం కష్టమైనది. దూరంనుండే ఆజ్ఞలు ఇవ్వడానికి టెల్‌నెట్ అనే పద్ధతిని వాడసాగారు. దాని మూలాలు 1969నాటివి. 1983లో దానికి స్థిరమైన ప్రమాణం ఏర్పడినది. దానిలో రహస్యపదం దాపరికం లేకుండ తీగమీద పోతుంది. పోస్టుకార్డు మీద తాళంచెవి బొమ్మ గీసి పంపడం వంటిది. దారిలో ఎవరు చూసినా నకలు చేసుకోవచ్చును.

1995లో ఫిన్లండులోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో ఎవరో పొంచి ఉండి రహస్యపదాలు ఏరుకున్నారు. ఆ సంఘటన చూసిన తాతు యూలోనెన్ అనే పరిశోధకుడు ఆ సంవత్సరమే ఎస్‌ఎస్‌హెచ్ అనే పద్ధతిని తయారుచేసి విడుదల చేశాడు. దానిలో మాటలన్నీ గూఢలిపిలో పోతాయి.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. గూఢలిపికి ఇద్దరికీ తెలిసిన ఒక రహస్య సంఖ్య కావాలి. దొంగ వింటున్న తీగమీదనే ఆ సంఖ్యను ఎట్లా ఒప్పందం చేసుకోవడం? దీనికి విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ 1976లోనే దారి చూపారు. నేటి ఎస్‌ఎస్‌హెచ్ పునాదులలో అది ఒకటి. హైస్కూలు లెక్కలతోనే దానిని చూడవచ్చును.

రాముడు, సోముడు 3, 17 అనే సంఖ్యలను అందరూ వినగా ఒప్పుకుంటారు. రాముడు తన మనసులో 6 అనుకుంటాడు. 3ను ఆరుసార్లు గుణించి 729 రాగా, 17తో భాగించి శేషం 15ను బయటకు చెబుతాడు. సోముడు మనసులో 3 అనుకుంటాడు. 3ను మూడుసార్లు గుణించగా 27. దాని శేషం 10ని అతడు బయటకు చెబుతాడు. ఇప్పుడు రాముడు తాను విన్న 10ని ఆరుసార్లు గుణించి, 17తో భాగిస్తాడు. శేషం 9. సోముడు తాను విన్న 15ను మూడుసార్లు గుణించగా 3375. దాని శేషం కూడ 9. ఆ తొమ్మిదిని ఇద్దరిలో ఎవరూ బయటకు పలుకలేదు. అయినా ఇద్దరికీ దొరికినది! వింటున్న దొంగకు 3, 17, 15, 10 తెలుసు. వీటినుండి 9ని పట్టుకోవాలంటే మనసులోని సంఖ్యను వెదకాలి. 17 వంటి చిన్న సంఖ్యకు అది తేలికే. 17 బదులు వందల అంకెలున్న సంఖ్యను తగినట్లు ఎంచుకుంటే, మనకు తెలిసిన సాధారణ కంప్యూటర్లకు అది అసాధ్యమైన పని.

మూడు ప్రశ్నలు, ఒక రిజిస్టరు

సంస్థలో ఒక స్విచ్చి ఉంటే దానికొక రహస్యపదం చాలు. నూరు స్విచ్చిలు, పదిమంది ఇంజనీర్లు ఉంటే? అన్నిటికీ ఒకే పదం పెడితే ఎవరు ఏమి చేశారో తెలియదు. ఒక ఇంజనీరు ఉద్యోగం మానితే నూరింటిలోనూ పదం మార్చాలి. అందువల్ల పేర్లనూ అధికారాలనూ ఒకచోట రిజిస్టరుగా ఉంచి, స్విచ్చిలన్నీ దానినే అడిగే ఏర్పాటు అవసరమైనది.

అమెరికా సైన్యపు నెట్‌వర్కు కోసం బి.బి.ఎన్. సంస్థ రూపొందించిన టాకాక్స్ అనే పద్ధతి 1984 చివర ప్రకటించిన ఒక పత్రంలో కనబడుతుంది. 1991లో లివింగ్‌స్టన్ కంపెనీ రేడియస్ అనే మరొక పద్ధతిని చేసినది. 1997లో అది ఇంటర్నెట్ పత్రాలలోకి ఎక్కినది. సిస్కో కంపెనీ 1990లలో టాకాక్స్ ప్లస్ అనే క్రొత్త రూపాన్ని తెచ్చినది. వీటిలో ముఖ్యమైనది మూడు ప్రశ్నలను విడివిడిగా అడగడం. నీవెవరు? నీవేమి చేయవచ్చును? నీవేమి చేశావు? మొదటిది గుర్తింపు, రెండవది అధికారం, మూడవది లెక్క.

వీటిలో రెండవ ప్రశ్నను చాలమంది మరచిపోతారు. లోపలికి వచ్చిన ప్రతివాడూ యజమాని కాడు. సిస్కో స్విచ్చిలలో అధికారానికి 0 నుండి 15 వరకు పదహారు మెట్లున్నవి. ఒకటవ మెట్టున ఉన్నవాడు స్థితిని చూడగలడు గాని దేనినీ మార్చలేడు. పదిహేనవ మెట్టున ఉన్నవాడు అన్నిటినీ మార్చగలడు. టాకాక్స్ ప్లస్‌లో ఒక్కొక్క ఆజ్ఞనూ, ఇతడు దీనిని ఇవ్వవచ్చునా అని రిజిస్టరును అడిగించవచ్చును. రాత్రి కాపలా ఉద్యోగికి చూసే హక్కు చాలు. మార్చే హక్కు ఇస్తే అతడి చేతి తప్పు కూడ ప్రమాదమే.

చర్లపల్లి పరిసరాల్లోని ఇ.సి.ఐ.ఎల్. చేసిన మరొక యంత్రంలో ఈ మూడు ప్రశ్నలూ చక్కగా కనబడుతాయి. అది నెట్‌వర్కు యంత్రం కాదు. అసలు ఏ నెట్‌వర్కుకూ తగిలించని ఓటింగ్ యంత్రం. దాని తొలి నమూనా 1979లో సిద్ధమైనది. 1980 ఆగస్టు 6న ఎన్నికల సంఘం దానిని రాజకీయ పక్షాలకు చూపినది. తరువాత ఇ.సి.ఐ.ఎల్., బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ రెండూ వాటిని తయారుచేసినవి. 1982 మేలో కేరళలోని పరూరు నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాలలో మొదటిసారి వాడారు.

పోలింగ్ కేంద్రంలో ఏమి జరుగుతుంది? ఓటరు పేరు జాబితాలో చూస్తారు. అది గుర్తింపు. అధికారి తన ముందున్న యంత్రభాగంలో ఒక బటను నొక్కితేనే, చాటున ఉన్న భాగంలో ఓటరు ఒక్క ఓటు వేయగలడు. రెండవసారి నొక్కినా యంత్రం వినదు. అది అధికారం. రిజిస్టరులో సంతకం చేసినవారి సంఖ్యనూ, యంత్రం చూపే మొత్తాన్నీ సరిపోల్చవచ్చును. అది లెక్క. ముగింపు బటను నొక్కిన తరువాత ఓటు పడదు. ఫలితం చూపే బటనుపై మూతపెట్టి సీలు వేస్తారు. ఆ సీళ్ళపై అభ్యర్థుల ఏజెంట్లు కూడ సంతకం చేస్తారు. ఒకరిని ఒకరు పూర్తిగా నమ్మనివారందరూ కలిసి నమ్మదగిన ఏర్పాటు చేసుకోవడమే ఇందులోని నీతి.

నెట్‌వర్కులోకి ఏ యంత్రాన్ని రానివ్వాలి, దేనిని రానివ్వరాదు అని పరిశీలించే రక్షణ వ్యవస్థ ఒకదానిని కూడ భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించగా ఇ.సి.ఐ.ఎల్. అందిస్తున్నది. ఇంగ్లీషు పొడి అక్షరాలతో దానిని ఎస్.ఎన్.ఎ.ఎస్. అంటారు.

తాళం లేని ఇల్లు, ఒక్కడి చేతి తాళం

ఇంత విజ్ఞానం ఉండి కూడ మనిషి అజాగ్రత్త మానలేదు. స్విచ్చిల స్థితిని దూరంనుండి అడిగి తెలుసుకునే ఎస్.ఎన్.ఎం.పి. అనే పద్ధతి 1988లో వచ్చినది. దాని తొలి రూపాలలో రహస్యపదం వంటి మాట ఒకటి ఉండేది. ఎన్నో యంత్రాలలో ఆ మాట కర్మాగారంలో పెట్టిన 'పబ్లిక్' అన్న మాటగానే, ఎవరూ మార్చకుండ, సంవత్సరాల తరబడి ఉండిపోయినది.

2018 ఏప్రిల్‌లో ఇంతకన్న పెద్ద సంఘటన జరిగినది. క్రొత్త స్విచ్చిని తేలికగా అమర్చడానికి సిస్కో ఉంచిన ఒక సౌకర్యం ఆజ్ఞ ఇచ్చేవాడెవడని అడగదు. అమరిక పూర్తి అయిన తరువాత దానిని మూసివేయాలి. ప్రపంచంలో చాలచోట్ల మూయలేదు. దుండగులు ఆ దారినే వచ్చి స్విచ్చిల అమరికలను తుడిచివేశారు. ఇరాన్ ప్రభుత్వ శాఖ ప్రకటన ప్రకారం ప్రపంచమంతటా సుమారు రెండు లక్షల యంత్రాలు, ఇరాన్‌లోనే 3,500 దెబ్బతిన్నవి. ఇది తాళం లేని ఇంటి కథ.

దీనికి ఎదురు కథ 2008 జూలైలో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగినది. ఆ నగర ప్రభుత్వపు ప్రధాన నెట్‌వర్కుకు చెందిన రహస్యపదాలు ఒకే ఇంజనీరుకు తెలుసు. పై అధికారులతో విభేదం వచ్చి, వాటిని చెప్పనన్నాడు. అరెస్టయినా చెప్పలేదు. పన్నెండు రోజులపాటు తన నెట్‌వర్కుపై నగరానికే అధికారం లేకపోయినది. చివరకు జైలులో తనను చూడవచ్చిన మేయరుకు మాత్రం చెప్పాడు. 2010లో న్యాయస్థానం అతడికి నాలుగేండ్ల శిక్ష విధించినది. ఆ పన్నెండు రోజులూ నెట్‌వర్కు నడుస్తూనే ఉన్నది. కాని ఏదైనా చెడితే బాగుచేయగలవారు లేరు. తాళం అందరి చేతిలో ఉండడం ఎంత ప్రమాదమో, ఒక్కరి చేతిలోనే ఉండడం కూడ అంతే ప్రమాదం.

ఇందుకు పరిష్కారం కూడ పాతదే. బ్యాంకులో పెద్ద ఇనుప పెట్టెకు రెండు తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉంటాయి. అట్లే ముఖ్యమైన స్విచ్చిల అత్యవసర రహస్యపదాన్ని సీలు కవరులో పెట్టి సంస్థ అధిపతి దగ్గర భద్రపరచడం, కనీసం ఇద్దరికి పూర్తి అధికారం ఉంచడం, వారిలో ఒకరు చేసిన మార్పును మరొకరు చూడడం మంచి పద్ధతులు.

లెక్కకు కాలం ముఖ్యం

మన దేశంలో అనుమతి లేకుండ ఇతరుల కంప్యూటరులోకి, నెట్‌వర్కులోకి చొరబడడం తప్పని 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం చెబుతున్నది. ఆ చట్టం కింద పనిచేసే సెర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థ 2022 ఏప్రిల్ 28న సంస్థలకు కొన్ని ఆదేశాలు ఇచ్చినది. యంత్రాల దినచర్య నమోదులను 180 రోజులు దాచాలి. కొన్ని రకాల చొరబాట్లను గుర్తించిన ఆరు గంటలలోపల తెలియజేయాలి. యంత్రాల గడియారాలను జాతీయ ఇన్ఫర్మేటిక్స్ కేంద్రం లేక జాతీయ భౌతిక ప్రయోగశాల కాలంతో సరిపెట్టుకోవాలి.

గడియారం సంగతి చిన్నదిగా కనబడవచ్చును. ఒక స్విచ్చి పది గంటలకు జరిగినదని, మరొకటి పదిం బావుకు జరిగినదని ఒకే సంఘటనను వ్రాస్తే, ఏది కారణమో ఏది ఫలితమో తేలదు. రైల్వే వారు అన్ని స్టేషన్లకూ ఒకే కాలాన్ని ఎందుకు పాటిస్తారో, ఇక్కడా అందుకే.

నేడు అనేక పాఠశాలలలో కంప్యూటరు గదులున్నవి. గోడమీద ఒక మూల మినుకుమినుకుమనే చిన్న దీపాలతో స్విచ్చి వెలుగుతుంటుంది. ఉపాధ్యాయులు దానిని చూపి విద్యార్థులకు నాలుగు ప్రశ్నలు వేయవచ్చును. ఈ పెట్టె చేతికందే చోట ఉన్నదా, తాళంలో ఉన్నదా? దానికి కర్మాగారపు రహస్యపదమే ఇంకా ఉన్నదా? దానిని మార్చగలవారు ఎవరెవరు? నిన్న దానిలో ఏమి మారినదో చెప్పగల కాగితం ఏదైనా ఉన్నదా? మొదటి ప్రశ్న ముఖ్యమైనదే. చాల స్విచ్చిలలో, యంత్రం ముందర నిలబడి పెట్టెమీది బటను పట్టుకోగలిగినవాడు, మరచిపోయిన రహస్యపదాన్ని తీసివేసే సౌకర్యం ఉంటుంది. కనుక ఎంత గణితం వచ్చినా తలుపు తాళం పని తీరలేదు.

స్విచ్చి అందరి కోసం పనిచేస్తుంది. అందుచేతనే దాని మీద పెత్తనం అందరిదీ కారాదు. ఏ ఒక్కరిదీ కారాదు. ఎవరు, ఏ మేరకు, ఎప్పుడు అని ముందుగా వ్రాసుకున్న కట్టుబాటుదే ఆ పెత్తనం కావాలి.